అవే పాటలేనా తాతయ్యా?

"ఇర్వింగ్‌లో కారెక్కినప్పుడల్లా రేడియోలో ఆ పాత పాటలే వస్తాయేం తాతయ్యా, వాళ్ల దగ్గర వేరే లేవా?" అని అడిగావు కదరా. లేకేం, వేలకు వేలున్నాయి. వెయ్యరు, అంతే. మామూలుగా ఓ 300 నుంచి 500 పాటలతోనే ఏడాదంతా లాగించేస్తారు.

ఈ అలవాటు ముదిరింది మీ పక్క ఊళ్లోనే. డాలస్‌లో గోర్డన్ మెక్‌లెండన్ 1947లో కేఎల్‌ఐఎఫ్ స్టేషన్ పెట్టాడు. జనం ఎగబడే కొద్ది పాటలనే రోజంతా తిప్పే 'టాప్ 40' పద్ధతిని 1950లలో ఒమాహాలో టాడ్ స్టార్జ్, డాలస్‌లో ఈయన బాగా నడిపించారు. అప్పుడవి కొత్త పాటలు. ఇప్పుడు పాతవాటికీ అదే పద్ధతి.

మరి ఏరేదెలా? కొంతమందిని హాల్లో కూర్చోబెట్టి, ఒక్కో పాటలో చటుక్కున గుర్తొచ్చే ముక్క, పల్లవో గిటారు వాయింపో, 7 నుంచి 10 సెకన్లు వినిపిస్తారు. అలా కొన్ని వందల ముక్కలు! ఇష్టమా, విసుగా, అసలు తెలియదా అని మార్కులు వేయిస్తారు. తెలియని పాట గల్లంతే. తిరకాసంతా ఇక్కడే ఉంది: వెయ్యకపోతే తెలియదు, తెలియదని వెయ్యరు. నిజానికి వేస్తూ పోతే నచ్చేవేమో: అర్థం తెలియని మాటలైనా పదేపదే చూపిస్తే జనానికి నచ్చడం మొదలవుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే తేల్చాడు.

ఎవరు ఏ స్టేషన్ వింటున్నారో లెక్కగట్టడానికి, డాలస్ లాంటి పెద్ద ఊళ్లలో ఎంచుకున్న కొందరు చిన్న మీటరు వెంట పెట్టుకు తిరుగుతారు. స్టేషన్ తన గుర్తును పాటలోనే కలిపి పంపుతుంది. పెళ్లి బాజాల మధ్య గుసగుసలా మన చెవికది అందదు, మీటరు పట్టేస్తుంది. పాట నచ్చక స్టేషన్ మారిస్తే ఆ సంగతీ లెక్కకెక్కుతుంది. ఇంక ప్రయోగాలెవరు చేస్తారు?

పైగా ప్రకటనలిచ్చేవాళ్లు ఎక్కువగా చూసేది 25 నుంచి 54 ఏళ్లవాళ్లను. నాలాంటి ముసలాళ్లు లెక్కలో లేరు! అందుకే డాలస్‌లో 98.7 మీద వచ్చిన కేఎల్‌యూవీ స్టేషన్‌లో 50లు, 60ల పాటలు పోనుపోను జారిపోయి 70లు, 80లవి వచ్చాయి.

మా వివిధ భారతి జనరంజనిలో శ్రోతలు కోరితే పాట వచ్చేది. నా ఓటు దానికే. కానీ వీళ్లనీ తప్పుపట్టలేం. కార్లో పావుగంట వినేవాడికి తెలిసిన పాట తగలాలి, లేకపోతే వాడు బటన్ నొక్కేస్తాడు. రోజంతా వినేవాడికే విసుగు.

నమ్మకపోతే ఓ గంట వచ్చిన పాటల పేర్లు రాసిపెట్టుకో. వారం పోయాక మళ్లీ విని, ఎన్ని కలిశాయో ఫోన్ చేసి చెప్పు.