రుచి వేరు, తీర్పు వేరు

“బాగున్నది” అనుట రుచి చూచినవాని మాట, “ఏల బాగున్నది?” అను ప్రశ్నకు బదులు చెప్పుట తీర్పరి ధర్మము. ఈ రెండింటి నడుమ గల దూరమును ఇంపీరియల్ స్టౌట్ అను నల్లని, ఘాటైన బీరు చక్కగా చూపును. పానమును ప్రోత్సహించుట నా ఉద్దేశము కాదు; తీర్పు చెప్పు విద్యయే ఇచట ప్రస్తుతము.

పదునెనిమిదవ శతాబ్దమున లండనులో ప్రసిద్ధి కెక్కిన పోర్టరు అను బీరునకు ఇది బలిష్ఠమైన సంతతి. సౌత్‌వర్కులోని యాంకర్ బ్రూవరీ నుండి రష్యా రాజాస్థానమునకు ఎగుమతి యైన బీరు ఇట్టిదే. పేరులోని ‘ఇంపీరియల్’ ఆ సంబంధమునే సూచించును. ఆ కర్మాగారము 1781లో 1,35,000 పౌనులకు అమ్ముడుపోయినపుడు, గతించిన యజమాని మరణశాసనమును నిర్వహించినవారిలో ఆంగ్ల నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఒకడు. పిమ్మట 1817లో డేనియల్ వీలర్ మాల్టును, అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, తిరుగుడు పీపాలో నల్లగా వేయించు పద్ధతికి పేటెంటు పొందెను. కాఫీగింజ గాని కోకో గాని కలుపకున్నను ఆ వాసనలు ఇందు తోచుటకు ఇట్లు వేయించిన ధాన్యమే కారణము.

అమెరికాలో 1985లో ఏర్పడిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వారి పత్రములో మొత్తము మార్కులు 50. అందు వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటికి తగులు స్పర్శకు 5, సమగ్రాభిప్రాయమునకు 10. చూపునకు దక్కినవి మూడే యని గమనింపుడు! తయారుచేసినవాని పేరు తీర్పరికి తెలియనీయరు. మార్కులు వేయుటకు ముందు తీర్పరులు తమలో తాము ముచ్చటింపరాదు.

తీర్పరి మొదట వాసన చూచును. అది త్వరగా ఎగిరిపోవునది. మిక్కిలి చల్లగానున్న బీరు తన గుణములను దాచుకొనును. కొంత వెచ్చబడిన పిదప ఎండుద్రాక్షల వంటి వాసనలు బయటపడును. ఈ బీరులో ఆల్కహాలు సుమారు 8 నుండి 12 శాతము. అది గొంతును వెచ్చపరచిన గుణము, మండించిన దోషము. వేగిన ధాన్యపు చేదు గుణము, బొగ్గు చేదు దోషము. తడి అట్టపెట్టె వాసన వచ్చినచో గాలి సోకి పాడైనదని యర్థము. “నాకు చేదు గిట్టదు” అనుట మాత్రము తీర్పు కానేరదు. ఆ జాతికి తగినట్లున్నదా లేదా అనునదే ప్రశ్న.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. అంకె ఒక్కటే చాలదు. ప్రతి శీర్షిక క్రింద కారణము వ్రాయవలెను. ఏది మిగిలెనో, ఏది కొరవడెనో తెలిసినగాని తయారుచేసినవాడు మరల ప్రయత్నింపలేడు.

ఒకప్పుడు ఒక విద్యార్థి తన వ్యాసమునకు పదింట నాలుగే ఏల వచ్చెనని నన్ను వినయముగా అడిగెను. కాగితమును రెండుసార్లు తిరుగవేసితిని. ఎఱ్ఱసిరా అంకె తప్ప అందు నా వ్రాత లేదు. చెప్పుటకు నా యొద్ద కారణమును లేదు. పీపాలోని పానీయమునకు దక్కు న్యాయము ఆ పిల్లవానికి నా చేత దక్కలేదు. నాటి నుండి కారణము వ్రాయక అంకె వేయుట మానితిని.