సంఘ కంప్యూటరు డిస్కును విభజించుకునే ముందు

తనిఖీకి వెళ్ళిన చోటల్లా ఈ మధ్య కార్యదర్శులు ఒకే సంగతి అడుగుతున్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. పాల తూకం, వెన్న శాతం రాసే ప్రోగ్రామేమో విండోస్‌లో తప్ప నడవదు. తూకం పనికి విండోసును ఇంటర్నెట్ కలపకుండా ఉంచుకొని, మిగతా పనులకు అదే యంత్రంలో లినక్స్ వేసుకోవచ్చునా? వేసుకోవచ్చును. ఒకసారికి ఒకటే నడుస్తుంది, అంతే.

డిస్కును ఒక పొలం అనుకోండి. గట్లు వేసి ఒక మడిలో వరి, ఒక మడిలో పశుగ్రాసం వేసినట్లే డిస్కునూ భాగాలు చేస్తారు. వాటినే పార్టిషన్లు అంటారు. ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్కుతో వచ్చిన 1983 నాటి పద్ధతిలో ఆ పట్టికలో నాలుగు భాగాలకే చోటు. ఇప్పటి జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 వరకు పడతాయి.

ఇక వర్చువల్ మెమరీ. ఉదయం పాలు పోసే వేళ బల్ల నిండిపోతే కొన్ని క్యాన్లు వరండాలో పెట్టి, అవసరమైనప్పుడు లోపలికి తెస్తాం గదా! బల్ల ర్యామ్, వరండా డిస్కు. ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయం వారి అట్లాస్ యంత్రం 1962లోనే ఈ ఉపాయం చేసింది. అయితే వరండాకు తిరగడంలో ఆలస్యం తప్పదు. ర్యామ్ చాలనప్పుడు ఇది ఆదుకుంటుందే గాని ర్యామ్‌కు బదులు కాదు. విండోస్ ఇందుకు తన భాగంలోనే పేజ్‌ఫైల్ అనే ఫైలు పెట్టుకుంటుంది. లినక్స్‌కు స్వాప్ అనే విడి భాగం గాని, ఫైలు గాని ఉండవచ్చు.

500 జీబీ డిస్కు కంప్యూటరులో 465గా కనిపిస్తుంది. లెక్క కట్టే తీరులో తేడా తప్ప దుకాణదారు మోసం కాదు. 8 జీబీ ర్యామ్ ఉంటే విండోస్‌కు 120, లినక్స్‌కు 50, స్వాప్‌కు 8 ఇచ్చి, మిగిలినదంతా లెక్కల ఫైళ్ళకు వేరు భాగంగా ఉంచడం నా సలహా. ఆ లెక్కల భాగం ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండాలి. లినక్స్ దానిని చదవగలదు. లినక్స్ సొంత పద్ధతి ఎక్స్‌ట్4ను విండోస్ తనంతట తాను చదవలేదు.

ఒక సంఘంలో కుర్రవాడొకడు ఖాళీ భాగమనుకొని లెక్కల భాగాన్నే తుడిచివేశాడు. ఆ పక్షం బిల్లు సభ్యుల దగ్గరున్న చీటీలు పోగుచేసి తిరిగి రాయవలసి వచ్చింది. చీటీ పారవేసుకున్న ఒక ముసలమ్మకు ఎన్ని లీటర్లని రాయాలి? ఆ రోజు నేనూ చెప్పలేకపోయాను. భాగాలు ఎన్ని చేసినా డిస్కు ఒకటే. అది పాడైతే అన్నీ పోతాయి. కాబట్టి గట్టు కదపకముందే ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ నకలును మరో కంప్యూటరులో తెరిచి చూడండి.

ఆ తరువాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే దాని భాగాన్ని కుదించి, ఖాళీ అయిన చోట లినక్స్ వేయండి. వేసేటప్పుడు ‘డిస్కు మొత్తం తుడుచు’ అన్న దానిని పొరపాటున కూడా ఎంచవద్దు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియదు. అప్పుడు లినక్స్ నుంచి ఆ ఫైళ్ళలో రాస్తే చెడిపోవచ్చు. పనంతా ఉదయం పాలు వెళ్ళాక మొదలుపెట్టి, సాయంత్రం తూకానికి ముందే గత పక్షం బిల్లు తెరుచుకుంటున్నదో లేదో చూసుకోగలరు.