జబ్బు తగ్గాక

క్యాన్సర్ తగ్గింది. ఇంటికి వచ్చారు. ఇక బతుకంతా మంచం మీదేనా? కాదు.

సినిమా నటి గౌతమి గారికి 35 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రొమ్ములో గడ్డను ముందుగా ఆమే గుర్తుపట్టారు. వైద్యం చేయించుకున్నారు. నయమైంది. 2016లో ‘మనమంతా’ సినిమాలో నటించారు. క్యాన్సర్ వచ్చినవారికి ధైర్యం చెప్పడానికి ‘లైఫ్ ఎగైన్’ అనే సంస్థ పెట్టారు.

మన కొత్తపట్నంలో ఆడవాళ్లకు చేలో పని తప్పదు. రొమ్ము ఆపరేషన్ అయితే ఆ వైపు చెయ్యి వాయవచ్చు. అందుకని డాక్టరును అడిగి, బరువు పనులు మెల్లగా మొదలుపెట్టాలి. పత్తి తీసేటప్పుడు ఆ చేతికి గాయం కానివ్వకూడదు. వాపు వస్తే వెంటనే చూపించుకోవాలి.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా అంటదు. జబ్బు తగ్గిన అక్కను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె మాట వింటే మరో నలుగురు భయం లేకుండా పరీక్షకు వెళతారు.