కారులో కెమెరా – కారణాన్వేషణ

ఉద్దేశం

ఒక సంఘటన తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాజాలదు. ఈ సూక్ష్మాన్ని భారతీయ తర్కశాస్త్రం ఏనాడో గుర్తించింది. నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక సాంకేతిక సమస్యను ఆధారం చేసుకొని, ఆ తర్కదృష్టి నేటికీ ఏ విధంగా ఉపకరిస్తుందో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

రహదారిపై ప్రమాదం జరిగినప్పుడు నమ్మదగిన సాక్షి దొరకడం అరుదు. చూసినవారు చెప్పడానికి వెనుకాడతారు. చెప్పినవారి మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఈ కొరతను తీర్చడానికి వచ్చిన సాధనమే డాష్‌క్యామ్. కారు ముందు అద్దానికి లోపలివైపున అమర్చే ఈ చిన్న కెమెరా ఎదుటి దారిని నిరంతరం చిత్రిస్తూ ఉంటుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ ప్రాంతంలో ఆకాశంలో ఒక ఉల్క పేలినప్పుడు, ఆ దృశ్యాన్ని ప్రపంచం చూడగలిగిందంటే అందుకు ముఖ్యంగా ఇటువంటి కారు కెమెరాలే కారణం. నేడు తెలుగునాట కూడా వీటిని అమర్చుకొనేవారు ఎందరో ఉన్నారు.

అయితే సాక్షిగా తెచ్చుకొన్న పరికరమే కొన్ని సందర్భాలలో ముద్దాయిగా నిలబడుతుంది. కెమెరా బిగించిన కొద్ది రోజులకే బ్యాటరీ దిగిపోవచ్చు. ఫ్యూజు మాడిపోవచ్చు. రేడియోలో గరగరమనే శబ్దం వినిపించవచ్చు. అప్పుడు యజమాని దృష్టి కెమెరా మీదికి, ఆ వెంటనే దానిని బిగించిన పనివాని మీదికి మళ్ళుతుంది. ఆ నింద న్యాయమైనదేనా? దానిని నిర్ణయించేది ఎట్లా?

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. విజయవాడలో ఇద్దరు గృహస్థులు ఒకే దుకాణంలో, ఒకే పనివాని చేత తమ కార్లకు కెమెరాలు పెట్టించుకొన్నారు. వారం తిరగకముందే ఇద్దరూ తమ కార్లను రైల్వేస్టేషను వద్ద నిలిపి ఊరికి వెళ్ళారు. మూడు రోజుల తరువాత అర్ధరాత్రి వేళ రైలు దిగి వచ్చి తాళంచెవి తిప్పితే రెండు కార్లూ కదలలేదు. సెల్ఫు తిరగలేదు, టకటకమనే చప్పుడు మాత్రం వినిపించింది. పిల్లలతో, సామానుతో నడిరాత్రి దిక్కుతోచక నిలబడిన ఆ ఇద్దరికీ పుట్టిన ఆలోచన ఒక్కటే: “వైర్లు సరిగా కలపలేదు. నష్టం ఆ కుర్రవాడే భరించాలి.”

కాకి వచ్చి తాటిచెట్టుపై వాలింది. సరిగ్గా ఆ క్షణానే తాటిపండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందనుకోవడం చూపరి భ్రమ. పండు పండినందువలన రాలింది. దీనినే పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో కారణమంటే కార్యానికి ముందు నియతంగా ఉండేదని నిర్వచించాడు. ఇందులో ‘నియతంగా’ అన్న మాటే ప్రాణం. ఒకసారి ముందు ఉంటే చాలదు, తప్పనిసరిగా ఉండాలి. కుమ్మరి మట్టిని గాడిదపై వేసి తెచ్చాడు. కుండకు ముందు గాడిద ఉన్నమాట నిజమే. అయినా కుండకు గాడిద కారణమని ఏ తార్కికుడూ అంగీకరించడు. అది లేకున్నా కుండ తయారవుతుంది.

మరి నిజమైన కారణాన్ని గుర్తించే ఉపాయమేమి? అన్వయ వ్యతిరేకాలను పరిశీలించడమే. అది ఉన్నప్పుడు ఇది ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇది లేకపోవడం వ్యతిరేకం. పొగను బట్టి నిప్పును ఊహించే తార్కికులు వంటింటిని అన్వయానికీ, మడుగును వ్యతిరేకానికీ దృష్టాంతాలుగా చూపారు. వంటింట్లో పొగ ఉంది, నిప్పూ ఉంది. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు. కారు బ్యాటరీ విషయంలోనూ ఈ మార్గమే శరణ్యం.

ఈ పరీక్షకు కావలసిన సాధనం మల్టీమీటరు. సాధారణంగా కారు బ్యాటరీ 12 వోల్టులదని చెప్పుకొంటారు. కాని నిండుగా చార్జి అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వోల్టుల వరకు కనిపించాలి. కనిపించకపోతే బ్యాటరీకి చార్జి అందుతున్నదో లేదో ముందుగా చూడాలి.

తరువాతి మెట్టు ప్రవాహాన్ని కొలవడం. ఇంజను ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, దానికీ ధ్రువానికీ నడుమ ఆంపియర్లు కొలిచే విధంగా మీటరును కలపాలి. కారులోని కంప్యూటరు భాగాలన్నీ నిద్రావస్థకు చేరడానికి సుమారు అరగంట ఆగాలి. మీటరు ఆ విధంగా కలిపి ఉన్నంతసేపూ ఇంజనును స్టార్టు చేయరాదు. చేస్తే మీటరు పాడవుతుంది. నిలిపి ఉన్న కారు గడియారానికి, తాళం వ్యవస్థకు కొద్దిపాటి విద్యుత్తును వాడుకోవడం సహజం. అది 50 మిల్లీ ఆంపియర్లకు లోబడి ఉంటే చింత లేదు.

మొదటి కారులో మీటరు 0.33 ఆంపియర్లు చూపింది. కెమెరాకు చెందిన ఫ్యూజును తీయగానే 0.03కు పడిపోయింది. తిరిగి పెడితే 0.33కు పెరిగింది. అన్వయమూ కుదిరింది, వ్యతిరేకమూ కుదిరింది. అంటే కెమెరా ఒక్కటే 0.3 ఆంపియర్లు తీసుకొంటున్నది. మూడు రోజులంటే 72 గంటలు. 72ను 0.3తో గుణిస్తే 21.6 ఆంపియర్ అవర్లు. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఇది సగానికి మించిన వ్యయం. తాళం తీసినా విద్యుత్తు ఆగని ఫ్యూజుకు పనివాడు కెమెరాను కలిపాడు. ఇక్కడ తప్పు అతనిదే. తాళం తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు అందే ఫ్యూజుకు ఆ తీగను మార్చితే సమస్య తీరుతుంది. కారు నిలిపి ఉన్నప్పుడు కూడా చిత్రీకరణ కావాలనుకొంటే, వోల్టేజి నిర్ణీత స్థాయికి తగ్గగానే కెమెరాను ఆపివేసే మూడు తీగల కిట్టును వాడాలి.

రెండవ కారులో కథ వేరు. కెమెరా ఫ్యూజు ఉన్నా 0.03 ఆంపియర్లే, తీసినా 0.03 ఆంపియర్లే. తాళం తీయగానే కెమెరా ఆగిపోతున్నది. ఆ కారు బ్యాటరీ వయస్సు నాలుగేళ్ళు దాటింది. దానిని నిండుగా చార్జి చేసి ఇంజనును స్టార్టు చేయబోతే వోల్టేజి 9.6కన్నా దిగువకు జారింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అంతగా జారదు. అంటే అది వృద్ధాప్యంతో అలసిపోయింది. ఆ మూడు రోజుల విరామాన్నీ తట్టుకోలేకపోయింది. కెమెరా ఇక్కడ తాటిచెట్టు మీది కాకి మాత్రమే. పనివాడు నిర్దోషి.

ఇద్దరు యజమానుల కష్టమూ ఒక్కటే, కోపమూ ఒక్కటే. పరీక్ష లేకుండా తీర్పు చెప్పి ఉంటే ఒక నిర్దోషి జరిమానా కట్టేవాడు. అంతేకాదు, రెండవ యజమాని కెమెరాను పీకివేసి నిశ్చింతగా ఉండి, మరొక అర్ధరాత్రి మళ్ళీ దారిలో నిలిచిపోయేవాడు.

తక్కిన లోపాలకూ ఇదే పద్ధతి. రేడియోలో గరగర వినిపిస్తే ఇంజను నడుస్తుండగానే కెమెరా తీగను ఊడదీసి వినాలి. శబ్దం ఆగితే, 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే నాసిరకం అడాప్టరును అనుమానించవచ్చు. మేలురకం అడాప్టరును వాడినా, తీగను ఏంటెన్నా తీగకు దూరంగా జరిపినా శబ్దం తగ్గుతుంది. కెమెరా మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలవుతుంటే ఎర్తు తీగను చూడాలి. రంగు పూసిన మరకు దానిని బిగిస్తే పట్టు చిక్కదు. శుభ్రమైన లోహానికి బిగించాలి. ఏ పరీక్షలోనైనా ఒకేసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది ఫలించిందో తెలియదు.

ఫ్యూజు విషయంలో మాత్రం పొరపాటుకు తావివ్వరాదు. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పదేపదే మాడిపోతుంటే, కొందరు దాని స్థానంలో 20 ఆంపియర్ల పసుపుపచ్చ ఫ్యూజును పెడతారు. మరికొందరు వెండికాగితం చుట్టి సరిపెడతారు. ఇది కావలివాని నోరు నొక్కి దొంగకు తలుపు తీయడమే. ఫ్యూజు ఉన్నది తీగను రక్షించడానికి. మోయలేని ప్రవాహం సాగితే తీగ కాగుతుంది, దానిపై పూత కరుగుతుంది, నిప్పు అంటుకొంటుంది. ఫ్యూజు మాడడం రోగం కాదు, రోగలక్షణం. తీగ ఎక్కడ ఒరిసిపోయిందో, ఎక్కడ లోహానికి తగులుతున్నదో వెదకడమే చికిత్స. అట్లే ఎయిర్‌బ్యాగులకు, బ్రేకు వ్యవస్థకు చెందిన ఫ్యూజుల నుండి కెమెరాకు విద్యుత్తు తీసుకోరాదు. ముందు అద్దం పక్కనున్న స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉంటే, దానికి అడ్డుగా తీగను లాగరాదు. ఇటువంటి చోట్ల శిక్షణ పొందిన నిపుణుని ఆశ్రయించడమే వివేకం.

కెమెరా కన్నది కన్నట్లు చూపుతుంది. కాని కారణాన్ని చూపలేదు. కారణాన్ని బుద్ధితో వెదకవలసినవాడు మనిషే. ఇంట్లో ఒక వస్తువు పాడైనా, ఊరిలో ఒక కీడు జరిగినా, “నిన్న వచ్చినవాడే దీనికి మూలం” అనే మాట ముందుగా నాలుకపైకి వస్తుంది. ఆ మాటను పెదవి దాటనీయక, “అతడు లేకున్నా ఇది జరిగేదా?” అని ఒక్కమారు ప్రశ్నించుకొన్నవాడు వస్తువును బాగుచేసుకోగలడు, సాటిమనిషికి అన్యాయం చేయకుండా ఉండగలడు.

ప్రశ్నలు

1. కాకతాళీయ న్యాయమనగానేమి? పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. రెండు కార్లలోని లోపాలకు గల కారణాలను అన్వయ వ్యతిరేకాలతో నిరూపించండి.
3. “ఫ్యూజు మాడడం రోగం కాదు, రోగలక్షణం.” సమర్థించండి.
4. తొందరపాటుతో ఒకరిని నిందించిన సందర్భాన్ని మీ అనుభవం నుండి తీసుకొని, దానిని తర్కదృష్టితో పరిశీలిస్తూ ఒక పేరా రాయండి.