పొలుసుల వ్యాధి: పరీక్ష, చికిత్స

చర్మవ్యాధి నలుగురి కంటా పడుతుంది. అందుచేత రోగికి శరీరబాధతోపాటు మనోవ్యథ కూడా తప్పదు. మన కామవరపుకోట మెట్టలోనైనా, కొల్లేటి లంక గ్రామాలలోనైనా ఒంటిమీద మచ్చ కనిపించగానే తామర అనో, గజ్జి అనో, కుష్ఠు అనో మనమే పేరు పెట్టి, మందుల దుకాణంలో దొరికిన పూతమందు పూయడం పరిపాటి. ఈ మూడింటిలో దేనికీ చెందని దీర్ఘవ్యాధి ఒకటున్నది. అదే సోరియాసిస్. దీనిని పొలుసుల వ్యాధి అంటారు.

చర్మపు పై పొరలో అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సాధారణంగా సుమారు 4 వారాలు పడుతుంది. ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థ గతితప్పడం వల్ల ఆ పని కొద్ది రోజులలోనే జరిగిపోతుంది. పరిపక్వం కాని కణాలు పేరుకొని, ఎర్రని మచ్చలపై వెండివన్నె పొలుసులుగా నిలుస్తాయి. మోచేతులు, మోకాళ్ళు, తల, నడుము దీనికి ముఖ్యస్థానాలు. ముల్లు గీరుకొన్న చోట సైతం కొత్త మచ్చ పుట్టవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. తాకినా, ఒకే పంక్తిలో భుజించినా ఇతరులకు సోకదు.

వైద్యుడు మొదట చేసే పని వ్యాధిని కొలవడం. వేళ్ళతో సహా రోగి అరచేయి అతని చర్మ వైశాల్యంలో సుమారు 1 శాతం. ఆ లెక్కన మచ్చలు 10 శాతాన్ని మించితే వ్యాధి తీవ్రమైనదిగా భావిస్తారు. ఎరుపు, మందం, పొలుసు, వైశాల్యం అనే నాలుగింటిని కలిపి 72 వరకు అంకెలు వేసే పద్ధతి 1978లో వచ్చింది. అయితే అరచేతుల్లో మాత్రమే మచ్చలున్న కూలీకి వైశాల్యం స్వల్పమే అయినా జీవనోపాధి పోతుంది. నిద్ర, పని, దుస్తులు, స్నేహాలు మొదలైనవాటిని గురించి అడిగే 10 ప్రశ్నల పట్టిక 1994లో వెలువడింది. గోళ్ళనూ, కీళ్ళనూ కూడా పరీక్షించాలి. కీళ్ళవాతం ఈ వ్యాధికి తోడు రావచ్చు.

వ్యాధి స్వల్పమైతే చర్మాన్ని మెత్తబరచే లేపనాలు, వైద్యుని పర్యవేక్షణలో స్టెరాయిడ్, విటమిన్ డి సంబంధమైన పూతలు చాలును. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తాత్కాలికంగా ఉపశమనమిచ్చినా, మానిన వెంటనే వ్యాధి విజృంభించి ప్రమాదకరం కావచ్చు. తీవ్రమైనదానికి అతినీలలోహిత కిరణ చికిత్స, మెథోట్రెక్సేట్ మాత్రలు, ఇటీవలి ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

మెథోట్రెక్సేట్ చరిత్ర మనకు గర్వకారణం. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను కూడా రూపొందించింది. అవి మొదట రక్తపు కాన్సర్‌కు ఉద్దేశించినవి. 1948లో సుబ్బారావు పరమపదించారు. 1951లో కీళ్ళవాతానికి అమినోప్టెరిన్ వాడిన రోగులలో సోరియాసిస్ మచ్చలు తగ్గడం అమెరికా వైద్యులు గమనించారు.

ఈ మందును చర్మవ్యాధికి వారానికి ఒక్క రోజు మాత్రమే వాడాలి. పొరపాటున ప్రతిదినం మ్రింగితే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. కనుక వారం పేరును చీటీపై పెద్ద అక్షరాలతో వ్రాయించుకోవాలి. దుష్ఫలితాలు తగ్గించడానికి వైద్యుడు చెప్పిన వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. రక్తాన్నీ, కాలేయాన్నీ తరచు పరీక్షింపజేసుకోవాలి. మద్యం కూడదు. గర్భవతులకు ఈ మందు నిషిద్ధం.

ఈ వ్యాధిని సమూలంగా తొలగించే మందు నేటికీ లేదు. అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. చదువుకొన్న మనం ఇంటింటా చెప్పదగినవి రెండే మాటలు: ఇది అంటదు, వారపు మందు వారానికొకసారే.