కంటికి కనబడని కిరణాల జాడ తీసే డ్రోన్

పొలాల్లో పురుగుమందు చల్లే డ్రోన్‌ను మన రైతులు చాలామంది చూసే ఉంటారు. మందు ట్యాంకుకు బదులు కిరణాలను పసిగట్టే పరికరం కడితే, అలాంటి యంత్రమే దారి తప్పిన అణుధార్మిక వస్తువును వెదికిపెడుతుంది.

కాన్సర్ చికిత్సకు, చమురు బావుల పరీక్షకు, పైపుల అతుకుల తనిఖీకి కోబాల్ట్-60, సీసియం-137, ఇరిడియం-192 వంటివి వాడుతున్నారు. సీసపు పెట్టెలో భద్రంగా ఉన్నంతవరకు భయం లేదు. బయటపడితేనే ముప్పు. ఆ కిరణాలకు రంగూ లేదు, వాసనా లేదు.

2010లో ఢిల్లీలోని మాయాపురిలో జరిగింది ఇదే. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఒక పరికరాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మింది. పాత ఇనుము పనివారు దాన్ని విప్పారు. లోపల కోబాల్ట్-60 ఉంది. ఒకరు మరణించారు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు.

వెదికే తీరు

డ్రోన్‌కు కట్టిన పరికరంలో ఒక స్ఫటికం ఉంటుంది. కిరణం తగిలినప్పుడల్లా అది మినుకుమంటుంది. ఆ మినుకులను యంత్రం లెక్కిస్తుంది. నాగటిచాళ్ల మాదిరి వరుసగా ఎగురుతూ, ఏ చోట లెక్క పెరిగిందో పటంలో గుర్తిస్తుంది. కిరణాల శక్తిని బట్టి అది ఏ పదార్థమో కూడా చెప్పవచ్చు. 2011లో జపానులో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్ర ప్రమాదం తర్వాత, మనుషులు వెళ్లరాని చోట్ల డ్రోన్లతో కొలతలు తీశారు.

అయితే ఎత్తు రెట్టింపయితే కిరణాల బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని డ్రోన్ నేలకు దగ్గరగా, నెమ్మదిగా ఎగరాలి. బ్యాటరీ ఎక్కువసేపు రాదు. కనుక దూరాభారపు రోడ్లమీద వాహనమే మేలు. 2023లో ఆస్ట్రేలియాలో 1,400 కిలోమీటర్ల దారిలో ఎక్కడో జారిపోయిన 8 మిల్లీమీటర్ల సీసియం గుళికను కారుకు అమర్చిన పరికరమే రోడ్డు పక్కన పట్టుకుంది.

ముందు మనిషే చెప్పాలి

వస్తువు పోయిందని ఎవరైనా చెబితేనే డ్రోన్ ఎగురుతుంది. మాయాపురిలో మనుషులు జబ్బుపడేదాకా ఎవరికీ సంగతి తెలియలేదు. కాబట్టి పాత ఇనుములో బరువైన సీసపు పెట్టె గాని, పసుపు రంగుమీద మూడు రెక్కల గుర్తు గాని కనబడితే విప్పవద్దు, ముట్టవద్దు. పిల్లలను దూరంగా పంపి, 112కు ఫోను చేయండి. కిలో ఇనుము ధరకు ఆశపడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.