అతిథులు లేనప్పుడు కోలుకొనిన అఖాతము

ఫుకెట్, క్రాబి యను పేర్లు ఇప్పుడు మన యిండ్లలో ఊటీ, కొడైకెనాలు పేర్లవలెనే వినబడుచున్నవి. క్రొత్తగా పెండ్లియైన దంపతులు, బడికి సెలవులిచ్చిన పిమ్మట బిడ్డలతో తల్లిదండ్రులు, ఉద్యోగము విరమించిన పెద్దలు సయితము థాయిలాండునకు పోయి వచ్చుచున్నారు. స్త్రీలు గడప దాటి దేశములు చూచుట మాకు మిక్కిలి సంతోషము. పోవలదని చెప్పుటకు మేము పూనుకొనలేదు. పోయిన చోట మనము విడిచివచ్చున దేమియో సోదరీమణులు ఒకింత యోచింపవలెనని మాత్రము కోరుచున్నాము.

ఆ ప్రాంతపు సముద్రములో ఫీఫీ లే యను చిన్న దీవి గలదు. నిట్టనిలువైన సున్నపురాతి కొండలు మూడువైపుల చుట్టియుండగా నడుమ తెల్లని యిసుకతో మాయా బే యను అఖాతమున్నది. 2000 సంవత్సరమున ‘ది బీచ్’ అను ఆంగ్ల చలనచిత్రము వెలువడినది మొదలు ఆ యిసుకపై అడుగు పెట్టవలెనని లోకమెల్ల ఎగబడెను. దినమునకు ఐదువేలమంది వచ్చిన కాలమును గలదు. మరపడవలు వరుసగా వచ్చి లంగరులు దించుటచేత, జనులు కాళ్లతో త్రొక్కుటచేత అడుగుననున్న పగడములు చాలవరకు నశించెను. తుదకు 2018 జూను 1వ తేదీని ప్రభుత్వము ఆ తీరమును మూసివేసినది. మొదట కొన్ని నెలలకే యనుకొనిన ఆ కట్టడి 2022 జనవరి 1 వరకు సాగెను. యాత్రికులను చేరవేసి బ్రతుకుచుండిన పడవలవారికి అది కష్టకాలమే. అయినను ఆ వ్యవధిలో పగడపు ముక్కలను వేలకొలది నాటిరి. రెక్కకొన నల్లగానుండు చిన్నజాతి సొరచేపలు తిరిగి వచ్చి నిస్సంకోచముగా తిరుగజొచ్చెను. మనుష్యులు తప్పుకొనినంతనే సముద్రము తన సంసారమును చక్కదిద్దుకొనసాగెనన్న మాట!

తెరచిన పిమ్మట నియమములు మారినవి. పడవలు అఖాతములోనికి రారాదు. దీవి వెనుకవైపున కట్టిన రేవునకు చేరవలెను. ఒక్కొక్క విడతలో ఇంతమందియేయని పరిమితి గలదు. అక్కడ ఈదరాదు. ఏటేట ఆగస్టు, సెప్టెంబరు మాసములలో తీరమునకు పూర్తిగా విశ్రాంతి. డబ్బు పోసి వచ్చినవారికి ఈ నిర్బంధములేమని విసుగుకొనువారు కలరు. మాకు మాత్రము ఇది మిక్కిలి తెలివైన పనిగా తోచుచున్నది.

పగడమును చాలమంది రాయి యనుకొందురు. అది ప్రాణి, సూదిమొనవంటి ప్రాణులు కోట్లకొలది కూడి కట్టుకొనిన కాపురము. వాని దేహములలో కంటికి కానరాని నాచు నివసించి, ఎండను ఆహారముగా మార్చి పెట్టును. ఆ రంగులు చాలవరకు దాని చలువయే. నీరు మితిమీరి వేడెక్కినచో పగడము ఆ నాచును వెళ్లగ్రక్కి తెల్లబారును. వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. 2024 వేసవిలో ఇట్లు జరుగగా థాయిలాండు ప్రభుత్వము పలుచోట్ల సముద్రోద్యానములను యాత్రికులకు మూసివేయవలసివచ్చెను.

ఇక మన చేతిలోని వస్తువులను చూతము. ఎండకు నల్లబడకుండ మనము పూసికొను లేపనములలో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి రసాయనములు కొన్నిటియందుండును. ఇవి పగడపు పిల్లలకు హాని చేయునని 2021 ఆగస్టులో థాయిలాండు తన సముద్రోద్యానములలో ఇట్టి నాలుగు రసాయనములను నిషేధించినది; జరిమానా లక్ష బాట్ల వరకు గలదు. కొనునపుడు పెట్టెపై వ్రాసిన పేర్లు చదువుడు. అంతకంటె మేలైన ఉపాయము పొడుగు చేతుల చొక్కా, వెడల్పు టోపీ. నడియెండలో నాట్లు వేయు మన పల్లెపడుచులు తలకు గుడ్డ చుట్టుకొనుట ఏ అంగడిసీసా చూచి నేర్చినది?

చేపలకు మేత వేయుట మరియొకటి. కోనేటిలో చేపలకు మరమరాలు చల్లుట మనకు పుణ్యకార్యము. ఆ అలవాటుననే అక్కడ పిల్లల చేతికి రొట్టెముక్కలిత్తుము. కాని అక్కడి చేపలకు వేరు పని గలదు. పగడముపై పేరుకొను నాచును మేసి అవి దానికి ఊపిరి సలుపనిచ్చును. రొట్టెకు మరిగినవి ఆ పని మానును, దాని మీద కలహించును. అందుచే ఉద్యానములలో మేత వేయుట నిషిద్ధము. గవ్వలు, పగడపు ముక్కలు మూటగట్టి తెచ్చుటయు నట్లే. ఖాళీ గవ్వ సన్యాసిపీతకు ఇల్లు. మన అద్దాలబీరువాలో దానికేమి పని?

నీళ్ల సీసా ఇంటినుండి కొనిపోయి బసలో నింపుకొనుట, దినమున కొక తుండుగుడ్డ మార్పింపకుండుట గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. దీవులలో మంచినీరు కొరత. చెత్తను పడవపై మరల ఒడ్డునకు మోయవలెను.

అన్నిటికంటె పెద్ద బరువు విమానము. హైదరాబాదునుండి ఫుకెట్‌కు రమారమి 2,400 కిలోమీటర్లు. పోను రాను ఒక్కొక్క ప్రయాణికుని లెక్కకు కొన్ని వందల కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరును; సముద్రమును వేడెక్కించువానిలో అదియు నొకటి. రొట్టె వేయక, గవ్వ తీయక యుండినను ఈ ఋణము తీరదు. కావున ఏటేట నాలుగు దినముల పరుగుకంటె రెండుమూడేండ్ల కొకసారి పోయి పది దినములు నెమ్మదిగా నుండుట మేలని మా అభిప్రాయము. ఖర్చును కలిసివచ్చును.

తక్కిన దీవులలో పడవ మాట్లాడుకొనునపుడు బేరముతోబాటు ఒక ప్రశ్న అడుగుడు: పగడములున్న చోట లంగరు దించుదురా, నీటిపై తేలుచుండు బుడ్డకు త్రాడు కట్టుదురా? బుడ్డకు కట్టెదమన్నవారికి పది బాట్లు ఎక్కువైనను ఇయ్యవచ్చును.